గిడ్డమ్మ ఇంట్లో నాలుగు వందల పన్నెండు అంగళ్లు

నాపరాళ్లపేటకు సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్ మంజూరైందని మున్సిపల్ చైర్మన్ వాసుదేవ్ గారు ఒక మంగళవారం పొద్దున ఆటో మైకులో స్వయంగా ప్రకటించారు. స్వయంగా అంటే గొంతు ఆయనదే, ఆటోలో మాత్రం ఆయన లేరు. రికార్డు చేసి పంపారు. "మన పట్టణ చరిత్రలో సువర్ణాక్షరాలతో" అని మొదలయ్యే ఆ ప్రకటన, ఆటో స్పీడు బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. మా ఊళ్లో స్పీడు బ్రేకర్లకు లోటు లేదు. అందువల్ల చాలామందికి సువర్ణాక్షరాల వరకే తెలిసింది.

మిగతాది తెలిసినవాడు ఏసేపు. మున్సిపల్ ఆఫీసుకు ఎదురుగా ఉన్న హోసన్నా జిరాక్స్ అతనిదే. ఊళ్లో ఏ పని జరగాలన్నా ముందు అతని మిషను అద్దం మీద బోర్లా పడుకుని లేవాల్సిందే గనక, ప్రభుత్వం కంటే ఒక పూట ముందే ఏసేపుకు అన్నీ తెలుస్తాయి. తెలిసింది బయట చెప్పకపోవడం అతని వృత్తి ధర్మం. అంగడి గోడకు ఎర్రక్షరాల బోర్డు ఒకటే ఉంటుంది: 'మీ ఒరిజినల్ మరిచిపోకండి.' ఎందుకంటే ఊరంతా మరిచిపోతుంది. కాపీలు భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని, అసలు కాగితాన్ని అద్దం మీదే వదిలేసి పోతారు. ఏసేపు ఈ పదహారేళ్లలో ఎన్నో పెళ్లి పత్రికలు, ఒక విడాకుల తీర్పు, ఒక మరణ ధ్రువపత్రం ఇళ్లు వెతుక్కుంటూ నడిచివెళ్లి ఇచ్చొచ్చాడు.

మన సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్ కూడా అట్లా మరిచిపోయిన కాగితంలోంచే పుట్టింది.

పదహారేళ్ల కిందట, వ్యాపారం చేసే ప్రతివాడూ ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలని పైనుంచి ఆర్డరొచ్చింది. లైసెన్సుకు అడ్రస్ ప్రూఫు కావాలి. నాపరాళ్లపేటలో వ్యాపారమంతా పెద్దబజారులో జరుగుతుంది. పెద్దబజారు ఉన్నది వంక మీద. ఆ వంకలో నీళ్లు పారి రెండు తరాలైంది గనక అందులోకి ముందు తోపుడు బండ్లు దిగాయి, తర్వాత రేకుల బంకులు, ఆ తర్వాత మిద్దెలు. ఆఫీసు రికార్డులో మాత్రం అది నేటికీ వంకే. వంకకు డోరు నంబర్లుండవు. అంటే ప్రభుత్వం దృష్టిలో మా ఊరి వ్యాపారులంతా నీళ్లలో నిలబడి ఉన్నారన్నమాట.

ఆరోజు పొద్దున మిషన్‌పేట గిడ్డమ్మ రేషను కార్డు పనికని తన ఇంటి కరెంటు బిల్లు జిరాక్సు తీయించుకుని, ఒరిజినల్ అద్దం మీదే మరిచిపోయింది. ఆమె వెనకాల వచ్చినవాడు వాసుదేవ్. అప్పటికింకా చైర్మన్ కాలేదు. ఒక నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ, ఒక సిమెంటు అంగడి మాత్రమే ఉన్న సామాన్యుడు. ఆయన ఫారాల్లో గిడ్డమ్మ బిల్లు కాపీ కూడా కలిసిపోయింది. వారం తిరక్కుండానే ఆయనకు లైసెన్సు వచ్చేసింది.

ఆఫీసులో ఒకసారి పాసైన కాగితానికి శాంపిల్ అని పేరు. శాంపిలంటే దాన్ని మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు. మర్నాటి నుంచి బజారంతా ఏసేపు అంగడి ముందు నిలబడింది.

"వాసుదేవన్నకు ఏం పెట్టినావో నాకూ అదే పెట్టప్పా."

"అది గిడ్డమ్మవ్వ బిల్లన్నా. మీది కాదు" అని ఏసేపు చెప్పాడు. న్యాయంగా చెప్పాలంటే మూడుసార్లు చెప్పాడు.

"శాంపిల్ మార్చొద్దప్పా. వాపసొస్తాది."

అప్పటి నుంచీ ప్రతి మార్చిలో రెన్యువల్ వేళకు ఏసేపు ఒక చర్చి క్యాలెండరు పట్టుకుని గిడ్డమ్మ ఇంటికి పోయేవాడు. క్యాలెండరిచ్చి, కొత్త బిల్లు అడిగి తెచ్చుకునేవాడు. "నా బిల్లు నీకేంటికిరా ఏసేపా?" అని ఆమె అడిగేది. "శాంపిలవ్వా" అనేవాడు. "ఎవురికన్నా పనికొస్తాదంటే తీస్కపో" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అసలు సంగతి చెప్పేద్దామనుకునేవాడు. కానీ హోసన్నా జిరాక్సు లైసెన్సు కూడా అదే బిల్లు మీద ఉంది.

ఇప్పుడు కన్సల్టెంటు శ్రీవిద్య గారి సంగతి. విజయవాడ నుంచి ల్యాప్‌టాప్‌తో వచ్చిన చురుకైన అమ్మాయి. నాపరాళ్లపేటలో వ్యాపార కేంద్రం ఎక్కడుందో శాస్త్రీయంగా తేల్చడం ఆమె పని. పెద్దబజారుకు పోయి చూస్తే సరిపోయేది గాని, అది శాస్త్రీయం కాదు. ఆమె లైసెన్సులన్నీ కంప్యూటర్లో వేసి మ్యాపు తీసింది. కౌన్సిల్ హాల్లో గోడ మీద ఆ మ్యాపు వేసిన రోజున, జిరాక్సు సెట్లు అందించడానికి వచ్చిన ఏసేపు తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

ఊరంతా ఖాళీ. పెద్దబజారు ఉన్నచోట నీలంగా ఒక వంక గీత. మిషన్‌పేటలో ఒకే ఒక్కచోట ఎర్రటి ముద్ద.

"సర్, రెండు సెంట్ల స్థలంలో నాలుగు వందల పన్నెండు యాక్టివ్ బిజినెస్‌లు" అంది శ్రీవిద్య. "ఇంత డెన్సిటీ నేను ముంబైలో కూడా చూడలేదు."

హాల్లో ముప్ఫై మంది కౌన్సిలర్లున్నారు. ముప్ఫై మందికీ ఏదో ఒక అంగడి ఉంది. ముప్ఫై మందీ ఆ రెండు సెంట్లలోనే ఉన్నారు. కమిషనర్ రాఘవేంద్రప్రసాద్ గారు ఫ్యాను వైపు చూశారు. ఆ లైసెన్సులన్నిటి మీదా ముద్ర కొట్టిన ఆఫీసు ఆయనది. ఏ ఒక్కరు నోరు విప్పినా ముందు తన అంగడి పోతుంది. నాయకుడనేవాడు ఇలాంటి సమయంలోనే తేలతాడు. వాసుదేవ్ గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మా ఊరోళ్లు కష్టజీవులమ్మా. రొంత జాగా ఉంటే చాలు, సర్దుకుంటారు."

చప్పట్లు మోగాయి.

మర్నాడు అందరూ కలిసి ఆ మహాస్థలాన్ని సందర్శించారు. నాపరాళ్లే గోడలు, నాపరాళ్లే కప్పు. ఒకటే గది. ముందొక వేపచెట్టు. గిడ్డమ్మ చెట్టు కింద కూచుని శెనక్కాయలు ఒలుస్తోంది. కార్లు చూసి, చేట పక్కన పెట్టి లేచింది.

శ్రీవిద్య ల్యాప్‌టాప్ చూసి చదివింది. "ఈ ప్రెమిసెస్‌లో ముప్ఫై ఎనిమిది పాలిషింగ్ ఫ్యాక్టరీలు, మూడు కల్యాణ మండపాలు, రెండు పెట్రోల్ బంకులు, ఒక సినిమా థియేటర్ ఉన్నాయమ్మా."

గిడ్డమ్మ ఇంట్లోకి తొంగి చూసింది. మంచం, పొయ్యి, గోడకు క్యాలెండరు.

"సినిమా గూడా ఉండాదా తల్లీ? ఇన్నేండ్లు టిక్కెట్టు ల్యాకుండానే పండుకుంటాండానే."

"మరి వ్యాపారాలేవీ కనిపించడం లేదేంటి సర్?" అంది శ్రీవిద్య.

అందరూ కమిషనర్ వైపు చూశారు. ఆయన అనుభవం ఇరవై రెండేళ్లది.

"ఇవాళ వీక్లీ హాలిడే మేడమ్" అన్నారు.

ఆమె రాసుకుంది. రిపోర్టు శుక్రవారం లోగా ఇవ్వాలి.

ఆ తర్వాత పనులు ఎంత వేగంగా సాగాయో చెబితే నమ్మరు. డిస్ట్రిక్టు వచ్చాక పరిపాలన ఉండాలి గనక సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్ అథారిటీ ఏర్పడింది. చైర్మన్‌గా వాసుదేవ్ గారే అదనపు భారం మోయడానికి ఒప్పుకున్నారు. పాలనా సౌలభ్యం కోసం కోర్ ఏరియాను నాలుగు జోన్లుగా విభజించి ఒక్కో జోనుకు ఒక డైరెక్టరును వేశారు. మంచం జోను డైరెక్టరుకు, పొయ్యి జోను డైరెక్టరుకు సరిహద్దు దగ్గర మాటామాటా వచ్చింది. నీళ్ల కుండ ఎవరి పరిధిలోకి వస్తుందనే విషయం మీద ఒక సబ్ కమిటీ వేశారు. దాని గడువు రెండుసార్లు పొడిగించారు.

చరిత్ర రాసే పని రిటైర్డు హెడ్మాస్టరు రామకోటయ్య గారికి అప్పగించారు. ఆయన నిజాయితీపరుడు. గిడ్డమ్మ దగ్గరికి పోయి అడిగి, రాసుకుని, టైపు చేయించడానికి ఏసేపు దగ్గరికి తెచ్చారు. అందులో ఇట్లా ఉంది: 'ఈ స్థలంలో దావీదురాజు అనే క్వారీ కూలీ, పగిలి పనికిరావని పారేసిన నాపరాళ్లను శనివారానికొకటి నెత్తిన మోసుకొచ్చి, ఏడేళ్లలో ఈ ఇల్లు కట్టెను. ఇల్లు పూర్తయిన ఏడాదికే క్వారీలో మరణించెను. అతని భార్య గిడ్డమ్మ నేటికీ ఇందులో నివసించుచున్నది.'

టైపు చేస్తూ ఏసేపు రెండుసార్లు ఆగాడు. చిన్నప్పుడు ఆ రాళ్లలో ఒకదాన్ని రెండో వైపు పట్టుకుని నడిచిన గుర్తు అతనికి.

వాసుదేవ్ గారు ఆ చరిత్ర చదివి పెదవి విరిచారు. "ఇదేం చరిత్ర మాస్టారూ, పోయినేడాది మాదిరి ఉండాది. పాతది ల్యాదా?"

"ఎంత పాతది కావాలప్పా?"

"శానా పాతది. రాజులుండల్ల, వజ్రాలుండల్ల. నవాబు గూడా ఒకసారి గుర్రం దిగల్ల. ఎవురికీ మనసు కష్టం గాకుండా అందర్నీ ఎయ్యండి."

పన్నెండు పేజీల కొత్త చరిత్రలో రాయలు, నవాబు, ఒక తెల్లదొర ముగ్గురూ గిడ్డమ్మ వేపచెట్టు కిందే మజ్జిగ తాగారు. దావీదురాజు పేరు యాడా లేదు. చెట్టు వయసు ముప్ఫై ఏళ్లన్న సంగతి ఫుట్‌నోటులో వేద్దామన్నారు రామకోటయ్య గారు. చోటు చాలలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఏసేపు కూడా నవ్వుకున్నాడు. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు అటెండరు వచ్చి ఒక కాగితం అద్దం మీద పెట్టి ఐదు కాపీలడిగాడు. కాపీలు తీస్తూ చదివితే ఇట్లా ఉంది: 'శ్రీమతి గిడ్డమ్మ గారికి తెలియజేయునది ఏమనగా, తమరు సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్టు కోర్ ఏరియాలో నాలుగు వందల పన్నెండు వ్యాపార సంస్థల మధ్య అక్రమంగా నివసిస్తున్నందున, ఏప్రిల్ ఐదవ తేదీలోగా ఖాళీ చేయవలెను. లేనిచో కట్టడము కూల్చబడును.' కింద అథారిటీ చైర్మన్ వాసుదేవ్ గారి సంతకం.

ఆ సాయంత్రం గిడ్డమ్మ ఆ నోటీసు పట్టుకుని చదివించుకోవడానికి అతని దగ్గరికే వచ్చింది. రెండో చేతిలో కరెంటు బిల్లు ఉంది.

"మార్చొస్తాండాది గదా, నువ్వొస్తావని నేనే తెచ్చినా. ముందు ఇది చదువు నాయనా, ఏమో సర్కారు కాగితం."

ఏసేపు చదవలేకపోయాడు. "రేపు చెప్తానవ్వా, అక్షరాలు సరిగా పల్లేదు" అన్నాడు. అక్షరాలు బాగానే పడ్డాయి. ఆ టోనరు అతనే వేశాడు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని కమిషనర్ గారి ముందు నిలబడ్డాడు. మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అద్దం, మరిచిపోయిన బిల్లు, శాంపిల్, అంతా. ఆ ఇంట్లో ఒక్క వ్యాపారం కూడా లేదని చెప్పాడు. అది చెప్తే తన అంగడి పోతుందని తెలిసే చెప్పాడు. మా ఊళ్లో అంత ధైర్యం నేను ఎప్పుడో గాని చూడలేదు.

కమిషనర్ గారు చాలా ఓపికగా విన్నారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు.

"రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు.

"తెచ్చినా సార్."

"మూడు కాపీలు."

"తెచ్చినా సార్."

"ఫిర్యాదుదారు అడ్రస్ ప్రూఫు?"

ఏసేపు అంగడి వంక కల్వర్టు మీదుంది. అతనుండేది అంగడి వెనకే. అతని దగ్గరున్న అడ్రస్ ప్రూఫు ఒకటే, గిడ్డమ్మ ఇంటి అడ్రసుతో ఉన్న ట్రేడ్ లైసెన్సు. అదే జత చేశాడు.

పద్నాలుగో రోజున రిజిస్టర్డు పోస్టులో జవాబొచ్చింది. జత చేసిన చిరునామాకే వచ్చింది. గిడ్డమ్మ వేలిముద్ర వేసి తీసుకుని ఏసేపుకు తెచ్చిచ్చింది. 'తమరి ఫిర్యాదుపై విచారణ జరపగా, సదరు చిరునామాలో తమరే స్వయంగా హోసన్నా జిరాక్స్ అను వ్యాపారము చేయుచున్నట్లు తమరు జత చేసిన ఆధారము ద్వారానే రుజువైనందున, సదరు చిరునామాలో వ్యాపారములు లేవన్న తమరి ఫిర్యాదు కొట్టివేయడమైనది.'

ఇక దాచడానికేం మిగల్లేదు. ఏసేపు ఆమెను స్టూలు మీద కూచోబెట్టి నోటీసు, జవాబు రెండూ చదివి వినిపించాడు. పదహారేళ్ల క్యాలెండర్ల సంగతీ చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

గిడ్డమ్మ జిరాక్సు మిషను వైపు చూసింది.

"ఊరందరికీ నా ఇల్లే కావాల్సొచ్చె" అంది. "నన్నొక్కదాన్నే వద్దన్నారు."

లేచి వెళ్లిపోయింది. తను తెచ్చిన కొత్త బిల్లు మాత్రం వెనక్కి అడగలేదు. ఏసేపు ఆమె వెంట పరుగెత్తి అది చేతిలో పెట్టి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమే వాసుదేవ్ గారు స్వయంగా అంగడికి వచ్చారు. రెండు పదవులున్న మనిషికి తుపాకీ లేకపోతే బాగుండదని సన్నిహితులు చెప్పారట, తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెడుతున్నారు. ఆధార్ కార్డు, ఫొటోలు, రైల్వే గేటు దగ్గరున్న తన మూడంతస్తుల బంగళా కరెంటు బిల్లు. ఇప్పుడు ఆయనకు సొంత డోరు నంబరుంది.

"ఏమప్పా ఏసేపూ, ముసిల్దాని మీద పెద్ద ప్రేమంట గదా నీకు? కమిషనర్ చెప్తాన్నాడు."

"అవునన్నా."

"అభివృద్ధి కావాలంటే ఎవురో ఒకరు జరగల్ల గదప్పా. మేమందరం జరిగితే ఊరేమైపోతాది?"

ఆయన కాపీలు మడిచి జేబులో పెట్టుకుని కారెక్కారు. మిషను మూత ఎత్తితే అద్దం మీద కరెంటు బిల్లు ఉంది.

కారు ఇంకా స్పీడు బ్రేకరు దగ్గరే ఉంది. పిలిస్తే వినిపిస్తుంది. పదహారేళ్లుగా పిలిచే నోరు అది. ఏసేపు గోడ మీది బోర్డు వైపు ఒకసారి చూసి, మిషను మూత వేశాడు.

మర్నాటి నుంచి రెన్యువల్ రద్దీ. "శాంపిల్ రెడీనా అప్పా?" అనేవాళ్లు. "రెడీ అన్నా" అనేవాడు. సెట్టు తీసి, పిన్ను కొట్టి ఇచ్చేవాడు. థియేటరు యజమాని తీసుకుపోయాడు, బంకుల వాళ్లు తీసుకుపోయారు, పొయ్యి జోను డైరెక్టరు తీసుకుపోయాడు. వాసుదేవ్ గారి గుమాస్తా కూడా ఫ్యాక్టరీకని ఒకటి, సిమెంటు అంగడికని ఒకటి తీసుకుపోయాడు. నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కడంటే ఒక్కడు ఆ కాగితం మీద ఏముందో చూడలేదు. ఆఫీసులోనూ చూడలేదు. పదహారేళ్లుగా చూడనిది ఇప్పుడెందుకు చూస్తారు. మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రానికి అన్నిటి మీదా ముద్ర పడింది.

ఏప్రిల్ ఐదున ప్రారంభోత్సవం. మంత్రిగారొచ్చారు. గిడ్డమ్మ ఇంటి ముందు షామియానా, బ్యాండు మేళం, బంతిపూల దండ వేసిన జేసీబీ. గిడ్డమ్మ చేసిన పని ఒక్కటే, మంచం బయట వేసుకుని దాని మీద కూచుంది. సామాను సర్దలేదు. ఏసేపు ఆమె పక్కన నిలబడ్డాడు.

శ్రీవిద్య పెద్ద తెర తెచ్చింది. "సర్, ఇది లైవ్ మ్యాపు. ఈ సంవత్సరం లైసెన్సులతో దానంతటదే అప్‌డేట్ అవుతుంది. మీరు బటన్ నొక్కండి."

మంత్రిగారు నొక్కారు. తెర మీద ఊరు పరుచుకుంది. మిషన్‌పేటలో ఏమీ లేదు. రైల్వే గేటు దగ్గర ఎర్రటి ముద్ద నిదానంగా విచ్చుకుంది. దగ్గరికి తీసుకుపోతే మూడంతస్తులు, గేటు ముందు రెండు పాలరాతి ఏనుగులు.

"ఎవరిది ఆ బిల్డింగు?" అన్నారు మంత్రిగారు.

వాసుదేవ్ గారు లేచి నిలబడ్డారు. మ్యాపు తప్పు అంటే లైసెన్సులు తప్పు. లైసెన్సులు తప్పంటే మొదటిది ఆయనదే. ఎదురుగా నాలుగు టీవీ కెమెరాలు. ఆయన చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"నాదే సార్."

మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. మైకు అందుకుని, రాజకీయాల్లోకి వచ్చాక ఎందరో జనం ఇళ్లు తీసుకున్న నాయకుల్ని చూశానని, జనం కోసం సొంత ఇల్లు ఇచ్చినవాడిని ఇవాళే చూస్తున్నానని అన్నారు. చప్పట్ల మధ్య షామియానా విప్పారు. బ్యాండు ముందు నడిచింది. దండ వేసిన జేసీబీ వెనక్కి తిరిగి, స్పీడు బ్రేకర్లన్నీ ఎక్కి దిగుతూ రైల్వే గేటు వైపు బయల్దేరింది. మేడ మీంచి ఆ ఊరేగింపు చూసిన వాసుదేవ్ గారి భార్య రాజ్యలక్ష్మమ్మ, ఏదో కొత్త పదవి వచ్చిందనుకుని స్వీట్లు తెప్పించారు.

మిషన్‌పేటలో గిడ్డమ్మ లేచి మంచం లోపల వేసుకుంది. మూడో రోజున ఆమెకొక కాగితమొచ్చింది. సదరు స్థలంలో వ్యాపారాలేవీ లేనందున నోటీసు ఉపసంహరించడమైనదని ఉంది. ఈసారి ఏసేపు వెంటనే చదివి చెప్పాడు.

ఆ సాయంత్రం అంగడి కట్టే వేళకు వాసుదేవ్ గారు వచ్చారు. కారు లేదు, వెనక మనుషుల్లేరు. ఒక కాగితం అద్దం మీద పెట్టి, "ఐదు కాపీలప్పా" అన్నారు.

పంపువారు: వాసుదేవ్, అథారిటీ చైర్మన్. అందుకొనువారు: వాసుదేవ్, గృహ యజమాని. నాలుగు వందల పన్నెండు వ్యాపార సంస్థల మధ్య అక్రమంగా నివసిస్తున్నందున. సంతకం ఆయనదే.

ఏసేపు ఐదు కాపీలు తీసి అందించాడు. ఆయన మడిచి జేబులో పెట్టుకుని, తలొంచుకుని రోడ్డు మీదికి దిగారు.

"వాసుదేవన్నా, ఒరిజినల్ మరిచిపోయి పోతాండావు" అని పిలిచాడు ఏసేపు.

ఆయన వెనక్కి వచ్చి చెయ్యి చాపారు. ఏసేపు ఆ చేతిలో రెండు కాగితాలు పెట్టాడు: ఆ నోటీసు, మార్చిలో మరిచిపోయిన కరెంటు బిల్లు.